కావలియు వైద్యమే

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము, పదవ తరగతి విద్యార్థి యొకడు మా గది వాకిట నిలిచి లోనికి వచ్చుటకు సందేహించుచుండెను. పిలిచి సంగతి యడుగగా మెల్లగా ఇట్లనెను.

“అయ్యవారూ! మా తాతకి ప్రోస్టేటు కేన్సరని చెప్పినారు. కోత లేదన్నారు, మందూ లేదన్నారు. మూడు నెలలకొకసారి వచ్చి రక్తం చూపించుకొని పొమ్మన్నారు. ముసలివాడని చేయి వదిలేసినారంటా ఉన్నాడు మా నాయన. నిజమేనా అయ్యవారూ?”

ఆ ప్రశ్నకు ఆ దినమున మాకు సమాధానము తెలియలేదు. తెలిసికొని చెప్పెదమని వానిని పంపివేసితిమి. మన పాఠశాలలోనే చదివి నేడు వైద్యుడుగా నున్న పూర్వవిద్యార్థి నొకని అడిగితిమి. ఆయన చూపిన పరిశోధన పత్రములను నిఘంటువు ప్రక్కన నుంచుకొని చదివితిమి. మేము వైద్యులము కాము. ఎవరికిని చికిత్స చెప్పుటకు మాకు అర్హత లేదు. ఐనను ఆ బాలుని యింట పుట్టిన భయమువంటిది మన సంఘమునందలి మరికొన్ని గృహములలో కూడ మాటరానిదై యుండునని తోచి, తెలిసికొన్న సంగతులను పాఠముగా కూర్చి ఈ వార్షిక సంచికలో వ్రాయుచున్నాము.

గ్రంథి – దాని వ్యాధులు

పురుషులకు మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. దీనినే ప్రోస్టేటు గ్రంథి యనియు, తెలుగున పౌరుషగ్రంథి యనియు చెప్పుదురు. వీర్యమునందలి ద్రవములో కొంత భాగమును ఇది తయారు చేయును. ఏబది యేండ్లు దాటిన పిమ్మట ఇది అనేకులలో క్రమముగా పెరుగును. నడుమనున్న నాళము నొక్కబడుటచే మూత్రధార సన్నగిల్లును. రాత్రివేళ పలుమారులు లేవవలసి వచ్చును. పోసిన పిమ్మటను ఇంకను మిగిలియున్నట్లుండును. ఈ పెరుగుదల కేన్సరు కాదు. మందులతో చాలమందికి ఉపశమనము కలుగును. చాలనిచో మూత్రనాళము ద్వారా సన్నని పరికరమును పంపి అడ్డమును తొలగింతురు.

కేన్సరు వేరు. గ్రంథిలోని కణములు కట్టు తప్పి పెరుగుటయే కేన్సరు. ఆరంభదశలో దీనికి తరచుగా ఏ లక్షణమును కనబడదు. ముదిరినచో ఎముకలకు ప్రాకి నడుములందును తుంటియందును నొప్పి కలిగించును. అయితే ఈ కేన్సరునందు ఒక విచిత్రమున్నది. కొందరిలో ఇది త్వరగా వ్యాపించి ప్రాణము తీయును. మరి యనేకులలో ఇరువది యేండ్లయినను కదలక పడియుండును. వేరు కారణములచే మరణించిన వృద్ధుల దేహములను పరీక్షించినప్పుడు, బ్రతికియున్నంత కాలము వారికి తెలియనే తెలియని ప్రోస్టేటు కేన్సరు పలువురిలో కనబడినది. పాముల పుట్టలో త్రాచును పసిరికయు కలిసి యున్నట్లు, ఒకే పేరుగల వ్యాధిలో రెండు స్వభావము లున్నవి. ఏది యేదో కనుగొనుటయే ఈ శాస్త్రమునందలి చిక్కంతయు.

1941లో చికాగో విశ్వవిద్యాలయమున చార్లెస్ హగ్గిన్స్ అను శస్త్రవైద్యుడు, పురుష హార్మోనును తగ్గించినచో వ్యాపించిన ప్రోస్టేటు కేన్సరు కూడ తగ్గునని చూపెను. శరీరములో పుట్టు రసాయనమును అదుపు చేసి కేన్సరును అణచవచ్చునని దీనిచే స్పష్టమైనది. అందులకై ఆయనకు 1966లో నోబెల్ బహుమానము లభించెను. ముదిరిన వ్యాధికి నేటికిని ఆ మార్గమే పునాదిగా నున్నది.

తొలిదశలో పట్టుకొనుటకు వేరొక సాధనము పిమ్మట వచ్చినది. ఈ గ్రంథి నుండి పుట్టు ఒక ప్రోటీను స్వల్పముగా రక్తములో చేరును. దానిని పి.ఎస్.ఏ. అందురు. కేన్సరు ఉన్నప్పుడు రక్తములో దీని పాలు తరచుగా హెచ్చును. అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ ఈ రక్తపరీక్షను 1986లో చికిత్స పొందినవారిని గమనించుటకును, 1994లో వ్యాధిని కనుగొనుటకు తోడ్పాటుగాను అంగీకరించినది. కాని ఈ పాలు గ్రంథి మామూలుగా పెరిగినప్పుడును, మూత్రమార్గమున సోకు కలిగినప్పుడును కూడ హెచ్చవచ్చును. అందుచేత పి.ఎస్.ఏ. హెచ్చినంత మాత్రమున కేన్సరని నిశ్చయింపరాదు. సూదితో గ్రంథి నుండి సన్నని ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూచు బయాప్సీ పరీక్షతోనే నిర్ధారణ.

ఎదుట నిలిచిన ప్రశ్న

ఈ పరీక్ష వ్యాపించిన పిమ్మట పాశ్చాత్య దేశములలో తొలిదశ కేన్సరులు వేలకు వేలు బయటపడినవి. బయటపడిన ప్రతివానికిని గ్రంథిని కోసి తీసివేయుటయో, కిరణచికిత్స చేయుటయో ఆచారమైనది. కోతచే కొందరికి మూత్రము ఆగక కారుట, దాంపత్యశక్తి నశించుట సంభవించెను. కిరణములచే కొందరికి ప్రేగులయందు బాధలు కలిగెను. ఏనాడును కదలని కేన్సరునకు ఇంత శిక్ష వలయునా? వదలివేసినచో ప్రాకునేమో? ఒక్కొక్క వైద్యుడు తన యనుభవమును బట్టి యొక్కొక్క తీరున చెప్పుచుండెను. నిజముగా ఏది మేలో ఎవరికిని తెలియదు.

తెలియనప్పుడు తెలిసికొను పద్ధతి యొకటి కలదు. ఒకే విధమైన రోగులను చేర్చి, ఎవరి యిష్టమును కాక చీటి వేసినట్లు మూడు జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క చికిత్స నిచ్చి, ఏండ్ల తరబడి ఫలితములను పోల్చి చూడవలెను. చీటి యెందుకని విద్యార్థులు అడుగవచ్చును. వైద్యుడే యెంచినచో ఆరోగ్యవంతులను కోతకును, బలహీనులను వేరొకదానికిని పంపును. అప్పుడు కోత మేలైనదని తేలినను, ఆ మేలు కోత వలన కలిగినదో, మొదటి నుండియు బలముగా నుండుటచే కలిగినదో చెప్పలేము. చీటిలో పక్షపాతము లేదు.

ఇట్టి పరిశోధన బ్రిటన్‌లో ‘ప్రొటెక్ట్’ అను పేర జరిగినది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఫ్రెడ్డీ హామ్డీ, బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు జెన్నీ డోనవన్, వైద్యాచార్యుడు డేవిడ్ నీల్ దీనికి నాయకులు. 1999 నుండి 2009 వరకు, 50 మొదలు 69 ఏండ్ల వయస్సు గల 82,429 మంది పురుషులకు పి.ఎస్.ఏ. పరీక్ష చేసిరి. గ్రంథిని దాటని కేన్సరు 2,664 మందిలో కనబడెను. వారిలో 1,643 మంది చీటికి ఒప్పుకొనిరి. 553 మందికి కోత, 545 మందికి కిరణచికిత్స, మిగిలిన 545 మందికి వెంటనే ఏ చికిత్సయు చేయక శ్రద్ధతో గమనించుచుండుట నిర్ణయమైనది. ఈ మూడవ జట్టువారికి మొదటి సంవత్సరము మూడు నెలల కొకసారియు, పిమ్మట ఆరు మొదలు పండ్రెండు నెలల కొకసారియు రక్తపరీక్ష చేసి, పి.ఎస్.ఏ. గట్టిగా పెరిగినచో మరల విచారించి చికిత్సకు పంపుట యేర్పాటు.

మాట వలన కలిగిన చిక్కు

ఇచ్చట మమ్ము ఆశ్చర్యపరచిన సంగతి యొకటి కలదు. ఆరంభమున చీటికి ఒప్పుకొనువారు నూటికి ముప్పది నలుబది మందికి మించలేదు. కారణము కనుగొనుటకై, వైద్యులు రోగులతో జరిపిన సంభాషణలను వారి యనుమతితో శబ్దగ్రహణము చేసి, డోనవన్‌గారును ఆమె తోడివారును శ్రద్ధగా వినిరి. లోపము మాటలలో నున్నట్లు తేలెను. కోతను, కిరణములను వైద్యులు ముందుగాను విపులముగాను చెప్పి, గమనించుటను చివర రెండు ముక్కలలో ముగించుచుండిరి. దానికి వారు వాడిన ఇంగ్లీషు మాటకు ‘వేచి చూచుట’ అని యర్థము. రోగులకు మాత్రము అది ‘నేను చచ్చువరకు చూచుచుందురు’ అన్నట్లు వినబడినది.

వెంటనే మాట మార్చిరి. ‘చురుకుగా పర్యవేక్షించుట’ అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. మూడు మార్గములను సమానముగా, వరుస మార్చి వివరింపసాగిరి. ఈ కేన్సరు గల వారిలో చాలమంది దీర్ఘకాలము జీవింతురని స్పష్టముగా చెప్పిరి. ఒప్పుకొనువారు నూటికి డెబ్బదికి పెరిగిరి. ఈ సంగతి 2002లో బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటింపబడినది. మందు మారలేదు, రోగము మారలేదు. మాట యొక్కటే మారినది. భాషోపాధ్యాయులమైన మాకు ఇది చదివినప్పుడు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

పదునైదేండ్ల ఫలితము

2023 మార్చిలో పదునైదేండ్ల ఫలితములు వెలువడినవి. 1,643 మందిలో 1,610 మంది సంగతి చివరివరకు తెలిసికొనగలిగిరి. వారిలో ఏ కారణముచేతనైనను మరణించినవారు 356 మంది. ప్రోస్టేటు కేన్సరుచే మరణించినవారు 45 మంది మాత్రమే. ఆ 45 మందిలో పర్యవేక్షణ జట్టువారు 17, కోత జట్టువారు 12, కిరణముల జట్టువారు 16. విద్యార్థులు ఒక్కొక్క జట్టు సంఖ్యతో భాగించి శాతము కట్టి చూడవలెను: వరుసగా 3.1, 2.2, 2.9 వచ్చును. ఈ స్వల్పభేదము యాదృచ్ఛికముగా కూడ కలుగవచ్చునంతటిదే. అనగా ఏ మార్గమున పోయినను నూటికి 97 మంది ఈ కేన్సరుచే మరణింపలేదు.

అయితే లెక్కలో మంచిని మాత్రమే చూచి రెండవ ప్రక్కను దాచరాదు. పర్యవేక్షణ జట్టులో 51 మందికి వ్యాధి ఇతర భాగములకు ప్రాకెను. కోత జట్టులో 26 మందికి, కిరణముల జట్టులో 27 మందికి ప్రాకెను. ఇది ఇంచుమించు రెట్టింపు. పర్యవేక్షణలో చేరినవారిలో నూటికి 61 మంది పదునైదేండ్లలో ఎప్పుడో యొకప్పుడు కోతకో కిరణములకో పోయిరి. కాని 133 మంది, అనగా నూటికి 24 మంది, ఏ చికిత్సయు లేకయే సజీవులై యుండిరి. బాధల లెక్క వేరొక పత్రమున నున్నది. ఆరేండ్ల పిమ్మట మూత్రము కారుటచే గుడ్డమెత్తలు వాడవలసిన వారు కోత జట్టులో నూటికి 17, పర్యవేక్షణ జట్టులో 8, కిరణముల జట్టులో 4.

కాబట్టి ఈ పరిశోధన ‘కోత వలదు’ అని చెప్పలేదు. తొలిదశలో తొందరపడవలసిన పని లేదనియు, ఆలోచించుకొనుటకు వ్యవధి యున్నదనియు, దేనిని ఎంచుకొన్నను ఏమి వచ్చునో ఏమి పోవునో తెలిసి యెంచుకొనవలెననియు చెప్పినది. కణముల తీరును బట్టి వ్యాధి మొండితనమును కొలుచు పద్ధతిని 1960లలో డోనాల్డ్ గ్లీసన్ అను అమెరికా వైద్యుడు ఏర్పరచెను. ఆ కొలతలో తక్కువ అంకె వచ్చినవారికి పర్యవేక్షణ తగును. హెచ్చు అంకె వచ్చినవారును, వ్యాధి గ్రంథిని దాటినవారును వేచియుండరాదు. వారికి చికిత్స వలయును.

తరువాత వచ్చిన వెలుగు

ప్రొటెక్ట్ ఆరంభమైన నాటికి లేని సాధనములు నేడున్నవి. బయాప్సీకి ముందు ఎమ్.ఆర్.ఐ. చిత్రము తీసి, అనుమానము కలిగిన చోటనే సూది వేయుట అందులో ముఖ్యమైనది. 11 దేశములలో 500 మందిపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, ఈ పద్ధతిచే చికిత్స అవసరమైన కేన్సరులు నూటికి 38 మందిలో కనబడెను. పాత పద్ధతిచే 26 మందిలోనే కనబడెను. పట్టించుకొన నక్కరలేని చిన్న కేన్సరులు మాత్రము 22 నుండి 9కి తగ్గెను. త్రాచును పట్టి పసిరికను విడుచు నేర్పు కొంత కుదిరిన దన్నమాట.

అట్లయిన పురుషులందరును ఏటేట పి.ఎస్.ఏ. చూపించుకొనవలెనా? ఐరోపాలోని ఎనిమిది దేశములలో 1,62,000 మందిపై జరిగిన పరిశోధన యొక్క 23 ఏండ్ల ఫలితము 2025లో ప్రకటింపబడినది. పరీక్షకు పిలువబడినవారిలో ఈ కేన్సరు మరణములు నూటికి 13 వంతులు తగ్గినవి. 456 మందిని పిలిచినచో ఒక మరణము తప్పినది. లాభమున్నది, కాని చిన్నది. దానితోపాటు అనవసరమైన వ్యాధినిర్ధారణయు నున్నది. కావున వయస్సు, ఆరోగ్యము, తండ్రికో అన్నదమ్ములకో ఈ వ్యాధి యున్నదా అను సంగతులను వైద్యునితో మాటలాడి నిర్ణయించుకొనుట మేలు.

ముదిరిన వ్యాధికి సైతము ఆశ కలిగినది. హగ్గిన్స్ చూపిన హార్మోను చికిత్సకు అబిరటెరోన్ అను మాత్రను మొదటి నుండియే చేర్చినచో, మూడేండ్ల పిమ్మట జీవించియున్నవారు నూటికి 76 నుండి 83కు పెరిగిరని 2017లో బ్రిటన్‌లోని ‘స్టాంపీడ్’ పరిశోధన తెల్పినది.

మన యింటి సంగతి

ఈ పాఠమును మన ప్రాంతమునకు అన్వయించుకొందము. మన హోసూరు, డెంకణికోట సీమలలో తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. అంగడిలో తమిళము, ప్రక్కింటివారితో కన్నడము, ఇంటిలో తెలుగు. మూడు భాషలు ధారాళముగా మాటలాడు పెద్దలకును మూత్రబాధను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ఏ భాషయు నోట రాదు. సిగ్గు అడ్డుపడును. రాత్రి అయిదారుసారులు లేచుటను ముసలితనమని సరిపెట్టుకొందురు. కోడలి యెదుట చెప్పలేరు, కొడుకుతో చెప్పరు. వైద్యుడు ఇంగ్లీషు పేర్లతో, తమిళములో చెప్పిన దానిని కొడుకు సగము విని, ఇంటికి వచ్చి తెలుగున ఒక్క మాటలో చెప్పును. ఆ బాలుని తండ్రి ‘చేయి వదిలేసినారు’ అనుట ఇట్టిదే. ఇంగ్లాండులోని రోగులకు కలిగిన అపార్థమే, వేయి క్రోసుల దూరమున, మన యూరిలో మన భాషలో మరల పుట్టినది.

కొన్ని దినముల పిమ్మట ఆ బాలుని పిలిచి, “మీ తాత ఏ పని చేసెడివాడు?” అని అడిగితిమి. “రాగిచేను అయ్యవారూ. ఏనుగులు వచ్చే కాలంలో రాత్రంతా మంచెమీదే ఉండేవాడు” అనెను. మన ప్రాంతమున అడవి యంచున సేద్యము చేయువారికి అది తెలిసిన కష్టమే. మేమంటిమి: “మంచె మీద కూర్చున్నవాడు చేనిని వదలివేసినట్లా? ఏనుగు రానంత వరకు డప్పు కొట్టడు, దివిటీ వెలిగింపడు. కాని కన్ను మూయడు. మీ తాతకు వైద్యులు కాయుచున్నది కావలి. మూడు నెలల కొకసారి రక్తము చూచుట మంచె ఎక్కుట. ఏనుగు అడుగు వినబడిననాడు వారు లేతురు. మీరు మాత్రము పిలిచిన దినమునకు తప్పక తీసికొని పొండు. కావలివాడు మంచె దిగినచో చేను మిగులదు.”

వాడు ఆ మాటను ఇంటిలో చెప్పెనట. తండ్రి మరునాడు పాఠశాలకు వచ్చి, వైద్యుని యొద్ద ఏమేమి అడుగవలెనో కాగితము మీద వ్రాసి యిమ్మనెను. వ్రాసి యిచ్చితిమి. ఇతరులకును ఉపయోగించునని ఇచ్చట ఉంచుచున్నాము: వ్యాధి గ్రంథిలోనే యున్నదా, దాటినదా? గ్లీసన్ అంకె యెంత? వెంటనే చికిత్స చేసినచో కలుగు లాభమేమి, కష్టమేమి? వేచియున్నచో ఏ పరీక్షలు, ఎన్నాళ్ల కొకసారి? ఏ మార్పు కనబడినచో చికిత్స ఆరంభింతురు? చెప్పినది అర్థము కానిచో మరల చెప్పుమని అడుగుట తప్పు కాదు. అది రోగి హక్కు.

మరి రెండు మాటలు. నొప్పి లేకుండ మూత్రమున ఒక్కసారి రక్తము కనబడినను, మరల కనబడలేదు గదా యని ఊరకుండరాదు. అది మూత్రాశయపు కేన్సరునకు తొలి సూచన కావచ్చును. ఆ కేన్సరునకు ముఖ్యకారణములలో పొగాకు మొదటిది. పొగలోని విషము రక్తమున చేరి, మూత్రముతో కలిసి, మూత్రాశయపు గోడను తాకుచుండును. బీడీ త్రాగు పెద్దలకు ఈ సంగతి విద్యార్థులు మెల్లగా చెప్పవలెను.

విద్యార్థులారా! మీ యిండ్లలో వైద్యుని మాటను పెద్దలకు తెలుగు చేసి చెప్పువారు తరచుగా మీరే. ఆ పని చిన్నదని తలపకుడు. ఒక మాట తప్పినచో ఒక గృహమున నిద్ర పోవును. ఒక మాట సరిగా కుదిరినచో ఒక వృద్ధుడు ధైర్యముగా పరీక్షకు బయలుదేరును. ఆ తాతగారు ఇప్పటికి నాలుగు పర్యాయములు పరీక్షకు పోయి వచ్చినారు. వ్యాధి కదలలేదట. అయిదవ పర్యాయము వచ్చు నెలలో నున్నది. ఆ తేదీని మనుమడు గోడ క్యాలెండరు మీద ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టియున్నాడు.